అత్తమ్మ ఎడమ దవడ

కొత్త కోడలి కళ్లకు పని ఎక్కువ. ఇంట్లోవాళ్లు చూడడం ఎప్పుడో మానేసినవన్నీ ఆమెకు కనిపిస్తాయి. శ్రావణంలో పెళ్లయి యైటింక్లయిన్ కాలనీలోని అత్తవారింటికి వచ్చిన వేదికకు అక్కడ ముచ్చటగా తోచనిదంటూ లేదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరగగానే అలమారలోని స్టీలు గ్లాసులు కొత్త చుట్టాల్లా ఒకదాన్నొకటి రాసుకుని గలగలమనేవి. ఆరేసిన తెల్లచీర మీద సాయంత్రానికి సన్నటి బొగ్గుపొడి కాటుకలా వాలేది. దాన్ని దులుపుతూ నవ్వుకునేది. భర్త ప్రశాంత్ పొద్దున బండి స్టార్ట్ చేసి, ఏదో మరిచిపోయినట్టు మళ్లీ లోపలికి వచ్చి, ఏమీ తీసుకోకుండా ఆమెను ఒకసారి చూసి వెళ్లిపోయేవాడు. అది అన్నిటికన్నా ముచ్చట.

అలా చూడగా చూడగా ఒకరోజు ఆమెకు తెలిసింది, అత్తమ్మ సారలమ్మ ఎడమవైపే నములుతుందని.

మొదట అదీ ముచ్చటగానే ఉంది. జొన్నరొట్టె ముక్క నోట్లో పడగానే సారలమ్మ తల కాస్త ఎడమకు వాలేది, పక్కింట్లోంచి ఎవరో పిలిస్తే వింటున్నట్టు. ఉడికించిన శనగ గుడాలు తిన్నా అంతే, సర్వపిండి అంచు తిన్నా అంతే. జామకాయ అసలు కొరికేది కాదు. కత్తితో పలుచగా కోసుకుని ఎడమ బుగ్గన పెట్టుకునేది. ఒక్కొక్కరికి ఒక్కో అలవాటు అనుకుంది వేదిక. కొడుకు ఆమెకు పెట్టిన పన్ను ఉన్నది కుడివైపు కదా అని గుర్తుకొచ్చిన క్షణం నుంచి మాత్రం ఆ అలవాటు ఆమెకు చేపముల్లులా గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఆ పన్ను మామూలు పన్ను కాదు. ప్రశాంత్ పళ్ల డాక్టరు. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో అతని క్లినిక్. చదువు ముగించుకొచ్చి బోర్డు కట్టిన కొత్తలో అతను మొట్టమొదట ఇంప్లాంట్ పెట్టింది తల్లికే. పై దవడ, కుడివైపు, వెనక. అక్కడ ఎముక పలుచన. ఎముక పైన అంతా గాలి నిండిన గది. పొడుగు స్క్రూ పెట్టాలంటే ముందు ఆ గది అడుగున ఎముక పొడి నింపి, అది గట్టిపడేదాకా నెలల తరబడి ఆగాలి. అంత కోత తల్లికి ఎందుకని ప్రశాంత్ పొట్టి స్క్రూ పెట్టి, దానిమీద తొడుగు వేశాడు. ఏడేళ్లయింది. "పొట్టిది ఆగుతదా సారూ?" అని ఎవరు అడిగినా అతని జవాబు ఒక్కటే. "మా అమ్మకే పెట్టిన. ఏడేండ్లాయె." ఆ మాట విన్నాక అడిగినవాళ్లు ఇంకేమీ అడగరు. నోరు తెరిచి కుర్చీలో వెనక్కి వాలుతారు.

వచ్చే గురువారం అలా వాలబోతున్నది వేదిక తండ్రి వామనరావు.

వామనరావు మంథనిలో తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గుబాయిలో పనిచేసినాయన కొడుకును చేసుకుంటానని కూతురు చెప్పినప్పుడు నెలల పాటు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడడం మొదలుపెట్టాక మాత్రం అల్లుడి గురించే మాట్లాడుతున్నాడు. ఆయనకు పై దవడలో రెండు పక్కలా వెనక పళ్లు పోయాయి. హైదరాబాద్‌లో చూపిస్తే ఎముక పొడి నింపాలన్నారు. "ఆ గొడవంతా నాకెందుకు? మా వియ్యపురాలికి ఏడేళ్ల నుంచి రాయిలా ఉందట. మా అల్లుడే పెడతాడు" అని ఊళ్లో కనిపించినవాళ్లందరికీ చెబుతున్నాడు. ఇంట్లో భార్య సరస్వతమ్మ మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది. నాన్నకు పెట్టే పన్ను ఊడితే అమ్మ అనబోయే మాటలు వేదికకు ఇప్పటి నుంచే వినిపిస్తున్నాయి.

అందుకే ఆదివారం మధ్యాహ్నం మక్కగారెలు చేసి, అత్తమ్మ పళ్లెంలో కరకరలాడేవే ఏరి వేసింది. ఎదురుగా కూర్చుని చూసింది. సారలమ్మ గారె తుంచింది, నోట్లో పెట్టుకుంది, తల ఎడమకు వాల్చింది.

"ఆ పన్ను ఎలా ఉంది అత్తమ్మా?" అంది వేదిక, ఏదో మాటవరసకు అన్నట్టు.

"ఏ పన్ను?"

"ఆయన పెట్టింది."

"మంచిగున్నది బిడ్డ. రాయి లెక్కున్నది." అంటూనే సారలమ్మ భర్త వైపు చూసింది. కొమురెల్లి పళ్లెం వైపు చూశాడు.

కొమురెల్లి బాయిలో సపోర్ట్‌మన్‌గా పనిచేసి దిగిపోయిన మనిషి. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా నిలబెట్టడమే ఆయన ఉద్యోగమంతా. మాటకు ముందు ఒకసారి పైకి చూడడం ఆయన అలవాటు. ఈసారి పైకి చూడలేదు. "గారెల్ల ఉప్పు సరిపోయింది" అన్నాడు.

ఉప్పు తక్కువైందని వేదికకు తెలుసు.

ఆ మర్నాడు ఉతికిన బట్టల బకెట్టు పట్టుకుని వెనక దర్వాజా దాటబోతుంటే, అరుగు మీద నుంచి మామయ్య గొంతు వినిపించింది.

"గురువారం బావ వస్తడు. నువ్వు నోరు జారకు. పోరని ముంగటనైతె అసలే వద్దు."

"ఏడేండ్ల సంది మూసుకున్న నోరు, ఇప్పుడేం జారుత?" అన్నది సారలమ్మ.

"ఇప్పుడు కోడలున్నది. పిల్ల నీ నోటి దిక్కే చూస్తుంటది, గమనించినవా?"

"చూడనియ్యి. కొత్త కదా, అన్నీ చూస్తది."

వేదిక చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసింది. బకెట్టులోంచి నీళ్లు పాదాల మీద కారుతున్నాయి. పన్ను ఎప్పుడో పోయి ఉంటుంది. పోయిందని వీళ్లిద్దరికీ తెలుసు. ప్రశాంత్‌కు తెలుసా? తెలిసే ఊరందరికీ ఏడేళ్ల కథ చెబుతున్నాడా? ఇన్నాళ్లూ ఆమె ఎవరి ముఖం చూసి మురిసిపోయిందో ఆ ముఖం మీదికి మొదటిసారి అనుమానం పాకింది.

ఆ సాయంత్రం టీ ఇస్తూ, నాన్న అడగమన్నాడని చెప్పి, అత్తమ్మ పంటి ఎక్స్‌రే చూపించమంది. ప్రశాంత్ ఉత్సాహంగా ఫోన్ తీశాడు. పన్ను పెట్టినప్పటి బొమ్మ, ఈ ఏడాది తీసిన బొమ్మ, రెండూ పక్కపక్కన పెట్టాడు.

"ఇగో చూడు. అప్పుడు ఎముక అంచు ఇక్కడున్నది. ఇప్పుడు కూడ ఇక్కడ్నే ఉన్నది. మామూలుగైతె ఏండ్లు గడిచినకొద్ది కొంచెమన్న అరుగుతది. అమ్మకు ఇసుమంత అరగలే. మా సార్లకు చూపిస్తె ముక్కు మీద వేలేసుకున్నరు."

స్క్రూ నిజంగానే పొట్టిగా ఉంది, పెన్సిల్ మొనంత. దాని చుట్టూ ఎముక చక్కగా ఉంది. మరీ చక్కగా ఉంది.

"ఇది అత్తమ్మదేనా?" అంది వేదిక.

"కాదు. మందమర్రి స్టేషన్ల బెంచీ మీద దొరికింది." పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అతను స్నానానికి వెళ్లాక, తన ప్రశ్నకు జవాబు రాలేదని గ్రహించింది.

బుధవారం పొద్దున పెరట్లో నల్లా దగ్గర సారలమ్మ పళ్లు తోముకుంటోంది. వేదిక మల్లెచెట్టు పాదు సరిచేస్తున్నట్టు వంగి చూసింది. మామూలు బ్రష్షుతో తోముకోవడం అయిపోయాక, సారలమ్మ కొంగుచాటు నుంచి ఇంకో చిన్న బ్రష్షు తీసింది. కుడి బుగ్గను వేలితో పక్కకు లాగి, ఒక్క పంటినే, దేవుడి ముందు ఇత్తడి కుందిని తోమినంత భక్తిగా తోమింది. నీళ్లు పుక్కిలించి, నాలుకతో తడిమి చూసుకుంది.

వేదిక ఇక ఆగలేకపోయింది. చేతులకు మట్టితోనే వెళ్లి ముందు నిలబడింది.

"అత్తమ్మా, అది ఊగుతోందా? నిజం చెప్పండి. రేపు మా నాన్న నోట్లో అదే పెడుతున్నారు."

సారలమ్మ బ్రష్షు కొంగులో దాచుకోబోయి, దాచి లాభం లేదనుకుందేమో, నల్లా మీద పెట్టేసింది.

"ఊగుతలేదు బిడ్డ. నీ తోడు."

"మరి అటువైపు ఎందుకు నమలరు?"

"నమిల్తె గద ఊగేది."

వేదికకు అర్థం కాలేదు. సారలమ్మ ఆమె భుజం మీదుగా ఇంట్లోకి చూసి, గొంతు తగ్గించింది. "ఒక్కనాడు నమల్లే దానితోని. మీ మామ వద్దన్నడు."

"ఏ... ఎప్పటి నుంచి?"

"పెట్టిన కాడికెల్లి."

అప్పుడే కొమురెల్లి పెరట్లోకి వచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు, ఆకాశం వైపు ఒకసారి చూశాడు. "చెప్పినవా?" అన్నాడు భార్యతో.

"పిల్ల అడిగింది. ఒట్టు పెట్టుకొని అబద్ధమెట్ల చెప్త?"

కొమురెల్లి బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు. వేదికను కూడా కూర్చోమన్నట్టు పక్కనున్న పీట చూపించాడు.

"బాయిల మీది కప్పుకు బోల్టులు ఎందుకు కొడుతరో ఎరుకనా బిడ్డ? మన నెత్తిమీదుండే పొర మెత్తగుంటది. దాన్ని దాని మీదున్న గట్టి పొరకు కుట్టాలె, బొంత కుట్టినట్టు. బోల్టు పొట్టిదైతె మెత్త పొరల్నే ఏలాడుతది. ఇగ పొర, బోల్టు, రెండు కలిసి మీదికే వస్తయి. వాడు పెట్టే ముందు నాకు చూపించిండు, బాపూ ఇది చూడు అని. నా చిటికెన వేలి గోరంత ఉన్నది. దీని మీద గట్టి పొర ఏదిరా అంటె, లేదు, మీద బోలు ఉంటది అన్నడు. అంటె ఎన్నడో బొగ్గు తీసి ఇడిసిపెట్టిన జాగ లెక్క. గసొంటి జాగ కింద మేము మనిషినే నిలవడనియ్యం. బరువెట్ల పెట్టనిస్తం?"

"ఆ మాట ఆయనకే చెప్పొచ్చు కదా మామయ్యా."

"ఎట్ల చెప్త? బోర్డు కట్టి పది రోజులు కాలే. మొదలు అమ్మకే పెట్టిన అని వచ్చినోనికి పోయినోనికి చెప్పుకుంటుండు. నీ బోల్టు పొట్టిదిరా అని నేనే అంటె వాని మనసు ఏమైతది? అందుకే ఈమెకు చెప్పిన, ఆ దిక్కు బరువు పెట్టకు, ఉన్నన్నాళ్లు ఉంటది అని."

"ఉన్నది గద మరి," అన్నది సారలమ్మ, కాస్త గర్వంగానే.

"కానీ ఎముక రాయి కాదు కదా మామయ్యా. ప్రాణం ఉంటుంది. స్క్రూను పట్టుకుని పెరుగుతుంది."

"ప్రాణమున్నదానికైతె ఇంక ఫికర్ ఎక్కువ," అన్నాడు కొమురెల్లి.

వేదికకు నవ్వు వచ్చింది. ఆ వెంటనే ఆగిపోయింది. పన్ను పోలేదు, నిజమే. అలాగని నిలిచిందని చెప్పడానికీ లేదు. పూజగదిలో పెట్టిన కొబ్బరికాయలా ఏడేళ్లు చెక్కుచెదరకుండా ఉంది, ఎవరూ కొట్టలేదు కాబట్టి. ఎముక ఇసుమంత అరగకపోవడంలో వింత ఏముంది? ఆ కొబ్బరికాయను చూసి ఊళ్లోవాళ్లు కుర్చీలో వాలుతున్నారు. దాన్ని నమ్మి నాన్న రేపు పొద్దున బస్సెక్కుతున్నాడు.

అన్నిటికన్నా పెద్ద అనుమానం ఇంకా అలాగే ఉంది. రోజూ తల్లికి ఎదురుగా కూర్చుని తినే కొడుకు, అందులోనూ పళ్ల డాక్టరు. తాను కొద్ది రోజుల్లో కనిపెట్టింది అతనికి ఇన్నేళ్లలో కనిపించలేదా?

సాయంత్రం ప్రశాంత్ బండి స్టాండ్ వేస్తుండగానే, గేటు దగ్గరే, అంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ అతని ముఖమే చూసింది. ఆశ్చర్యపోయినవాడి ముఖమా, దొరికిపోయినవాడి ముఖమా? అతను హెల్మెట్ తీసి బండి అద్దానికి తగిలించాడు.

"ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాడు.

నిజమా అని అడగలేదు. ఎవరు చెప్పారని అడిగాడు.

"అత్తమ్మే."

"సరే. రేపు మామయ్యగారికి నువ్వేం చెప్పకు. నేను చూసుకుంట."

లోపలికి వెళ్లి, అన్నం పెట్టుకుని, తల ఎత్తకుండా తిన్నాడు. తల్లి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను చూసుకుంటా అంటే ఏమిటని వేదిక గిన్నెలు సర్దుతూ అదే మాటను అటూ ఇటూ తిప్పింది. ఏం చూసుకుంటాడు? ఎలా దాచాలో చూసుకుంటాడా? కొత్త మంగళసూత్రం తీగ మెడ మీద కొంచెం బరువుగా అనిపించింది.

గురువారం వామనరావు పొద్దున్నే దిగాడు, ఉతికిన ధోవతి, చంకలో గొడుగు, ముఖం నిండా నవ్వు. "ఏమే తల్లీ, పెళ్లికూతురివి నువ్వా నేనా? మీ అమ్మ నన్ను అలా సాగనంపింది, కళ్లనీళ్లు ఒకటే తక్కువ" అన్నాడు. వియ్యంకుడిని చూసి చేతులు జోడించాడు. "బావగారూ, మీరు కూడా క్లినిక్‌కు వస్తున్నారా?"

"బావ నోట్లె బోల్టు కొడుతుంటె నేను ఇంట్ల కూసుంటనా?" అన్నాడు కొమురెల్లి. సారలమ్మ కూడా చీర మార్చుకుంది.

క్లినిక్‌లో వామనరావు చెప్పులు బయట విప్పి, గుడిలోకి వెళ్లినట్టు కుడికాలు ముందుపెట్టి లోపలికి వెళ్లాడు. కుర్చీలో వాలి కాళ్లు చాచాడు. అత్తామామలు గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. వేదిక గుమ్మం దగ్గర నిలబడింది. చెప్పాల్సిన వాక్యం ఆమె నోట్లో సిద్ధంగా ఉంది. 'నాన్నా, లేవండి, అది నమిలిన పన్ను కాదు.' ప్రశాంత్ చెప్పకపోతే తాను చెబుతుంది. చెప్పాక ఈ ఇంట్లో తన సంగతి ఏమవుతుందో తర్వాత చూసుకోవచ్చు.

ప్రశాంత్ చేతులు కడుక్కున్నాడు. గ్లవ్స్ తొడుక్కున్నాడు. పనిముట్లు వరుసగా పేర్చాడు. తొందర లేదు, తడబాటు లేదు. మత్తు సూది నింపి, లైటు దగ్గరికి లాగాడు.

"నోరు పెద్దగ తెరువుండ్రి మామయ్యగారూ."

వామనరావు తెరిచాడు. ప్రశాంత్ వంగాడు. వేదిక ఒక అడుగు ముందుకు వేసింది.

సూది ఆగింది. ప్రశాంత్ దాన్ని పళ్లెంలో పెట్టేసి, ముఖానికున్న మాస్కు కిందికి లాగాడు.

"మామయ్యగారూ, ఒక మాట చెప్పాలె. నోరు మూసుకోండ్రి, చెప్త." కాస్త తడబడి, మళ్లీ అందుకున్నాడు. "మా అమ్మది ఏడేండ్లాయె అని మీకు చెప్పిన. అది లెక్కకు రాదు. ఆమె ఆ పంటితోని ఒక్కనాడు నమల్లే. నాకు నిన్ననే తెలిసింది. తెలువకపోవుడు నా తప్పే."

బెంచీ మీద సారలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొమురెల్లి పైకప్పు వైపు చూశాడు. వామనరావు లేచి కూర్చుని, మెడకు కట్టిన ఆకుపచ్చ గుడ్డతో మూతి తుడుచుకున్నాడు.

"నమలలేదా? ఎందుకని?"

"బాపు వద్దన్నడట. బాయిల బోల్టుతోని పోల్చుకున్నడు."

వామనరావు వియ్యంకుడి వైపు చూశాడు. నవ్వాలో వద్దో తేల్చుకోలేనట్టు పెదవులు బిగించాడు. పంతులుగారు కదా, ప్రశ్న మాత్రం సూటిగా వచ్చింది.

"సరే నాయనా. మరి నమిలినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నరు. రామగిరి దిక్కు ఉపేందర్ సార్ అని ఉన్నడు. అయిదేండ్ల కింద పెట్టిన. మటన్ బొక్కలు కూడ కొరుకుతడు. తొడుగును పట్టే చిన్న మర రెండుసార్లు వదులైంది, బిగించిన. లోపలి స్క్రూ కదలలే. ఇంక కొందరున్నరు, మంచిగనే ఉన్నరు." గ్లవ్స్ ఒక్కొక్క వేలే విప్పుతూ ఆగాడు. "మందమర్రిల ఒకామెకు ఎముక పట్టలే. మూణ్నెల్లకే తీసేసిన. ఆమె ముచ్చట నేను ఎవ్వరికి చెప్పలే. ఎవరడిగినా అమ్మ ముచ్చటే చెప్పిన."

ఆ మాట వేదికకు కూడా కొత్తదే. అడగని సంగతి అది. దాన్ని తీసి ముందు పెట్టమని అతన్ని ఎవరూ అనలేదు.

"మీ చదువులో ఏమంటారు మరి?"

"అయిదారేండ్ల దాక చూసినోళ్లయితె, పొట్టివి కూడ పొడుగువాటి లెక్కనే నిలుస్తున్నయి అంటున్నరు. పెద్ద కోత తప్పుతది. మర వదులయ్యే తక్లీఫ్ పొట్టివాటికి జర ఎక్కువ. పదేండ్లు దాటినంక ఎట్లుంటదో చూసినోళ్లు తక్కువ. గట్టిగ చెప్పలేను."

వామనరావు మెడలోని గుడ్డ విప్పి మడతపెట్టాడు. "ఇవాళ వద్దు" అన్నాడు.

భర్త చెవులు ఎర్రబడడం వేదిక చూసింది.

"ఆ ఉపేందర్ గారి ఇంటికి ఒకసారి వెళ్లొస్తాను. ఆయన బొక్కలు కొరుకుతుంటే నేను చూడలేను గానీ, జంతికలు తినమంటాను. కార్తీకం దాటాక ఆలోచిద్దాం. పెట్టించుకుంటే నీ దగ్గరే పెట్టించుకుంటాను. ముందు తిన్న పన్ను చూడాలి."

"మంచి మాట బావ," అన్నాడు కొమురెల్లి వెంటనే. "బరువు మోసినదాన్నే నమ్మాలె."

"నువ్వు జరసేపు ఊకో బాపూ," అన్నాడు ప్రశాంత్. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. "అమ్మా, ఇటు రా."

సారలమ్మ తప్పు చేసిన పిల్లలా వచ్చి కుర్చీలో కూర్చుంది. ప్రశాంత్ కొత్త గ్లవ్స్ తొడుక్కుని, అద్దం పిడితో కుడివైపు పంటిని టక్‌టక్‌మని కొట్టాడు. "విను బాపూ. దగ్గరికి రా." కొమురెల్లి వచ్చి, బాయిలో రూఫును కడ్డీతో కొట్టి విన్నట్టే, చెవి దగ్గరికి పెట్టి విన్నాడు. ఒకసారి కాదు, మళ్లీ కొట్టమని విన్నాడు.

"ఖంగుమంటున్నది," అని ఒప్పుకున్నాడు. "అయినా మోగుడు వేరు, మోసుడు వేరు."

ప్రశాంత్ అద్దాన్ని ఎడమవైపుకు తిప్పాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. తర్వాత లైటు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మా, ఈ పక్క పన్ను పగిలింది."

"చల్లటి నీళ్లు తాగితె జివ్వుమంటది," అన్నది సారలమ్మ.

"ఎప్పటిసంది?"

"ఎండాకాలం సంది."

"మరి నాకు చెప్పలే?"

"నువ్వెప్పుడు అడిగినా కుడి దిక్కే అడుగుతవు గద బిడ్డ."

ప్రశాంత్ అద్దాన్ని తల్లి నోట్లోంచి తీశాడు. ఏడేళ్లుగా ప్రతి ఏడాదీ తల్లిని ఈ కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఒక్క పన్ను చూసి, ఫోటో తీసుకుని పంపించాడు. పక్కకు వచ్చి నిలబడిన వేదికకు మాత్రమే వినపడేలా అన్నాడు. "నాకు చెప్పకుండ నీకు చెప్పిండ్రు. నిన్న అదొక్కటే నా మనసుల పడ్డది. అందుకే ఎవరు చెప్పిండ్రని అడిగిన."

వేదిక అతని చేతిలోంచి అద్దం తీసుకుని పళ్లెంలో పెట్టింది.

ఎడమ పంటికి అప్పటికప్పుడు ఏదో మందు పెట్టి పూడ్చాడు. సోమవారం సరిగ్గా చూస్తానన్నాడు. "అప్పటిదాక ఆ దిక్కు ఏం పెట్టకు. కుడి దిక్కే తిను. ఇవాళ మెత్తటివి, తర్వాత కొద్దికొద్దిగ గట్టివి."

"కుడి దిక్కా?" అన్నాడు కొమురెల్లి.

"కుడి దిక్కే."

"పడిపోతె?"

"పడిపోతె పడిపోయిందని బయట బోర్డు మీద రాస్త బాపూ. ఇగ నీ ఇష్టం."

క్లినిక్ కింద చాయ్ హోటల్ ఉంది. వామనరావు ఇవాళ కోత లేదు కాబట్టి పస్తుండక్కర్లేదని చెప్పి అందరికీ తనే టీ చెప్పాడు. ఒక పొట్లం బిస్కెట్లు విప్పి వియ్యపురాలి ముందుకు జరిపాడు. సారలమ్మ ఒక బిస్కెట్ తీసుకుని, టీలో ముంచబోయింది. కొడుకు వైపు చూసి ముంచకుండా ఆగింది. కొస కొరికి, నాలుకతో ముక్కను కుడివైపుకు నెట్టింది. నెడుతుంటే తల అలవాటుగా ఎడమకు వాలబోయింది. వాలకుండా నిలబెట్టుకుంది.

కొమురెల్లి గ్లాసు కింద పెట్టేశాడు. వామనరావు గొడుగు మీద ఆనుకుని ముందుకు వంగాడు. ప్రశాంత్ టీ తాగుతున్నట్టు నటిస్తున్నాడు, గ్లాసు ఖాళీగా ఉంది. అందరూ సారలమ్మ బుగ్గనే చూస్తుంటే, వేదిక మాత్రం ఆ ఖాళీ గ్లాసునే చూస్తోంది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎట్లున్నది?" అన్నాడు కొమురెల్లి.

సారలమ్మ చెయ్యెత్తి ఆగమన్నది.

"చప్పుడేమన్న వస్తున్నదా? కదులుతున్నదా?"

"నువ్వు జర మాట్లాడకుండ ఉంటవా?" అన్నది సారలమ్మ, నిండిన నోటితోనే. "నమలనియ్యి."